చెరువు నీళ్లు కనపడ్తయ్, బోరు నీళ్లు కనపడవు

మా దిక్కు చెరువుల కింద యాసంగికి ముందు తైబందీ అని ఒకటి నడిచేది. వానలు అయిపోయినంక చెరువుల నీళ్లెంతున్నయో చూసి, ఈసారి ఎన్నెకరాలకు ఇద్దాం, ఎవల మడికట్లు పారుతయ్, ఎవలవి బీడు పెట్టాలె అని నాట్లకు ముందే తేల్చుకునేటోళ్లు, తర్వాత తూము కాడ నీరటి ఆ లెక్కనే నీళ్లు వదిలేటోడు. పాతకాలం అంతా బంగారమని నేననను, దొరల పొలం ఎండిందని ఎవరన్నా విన్నరా అసలు? కానీ కట్ట మీద నిలబడితే ఎన్ని నీళ్లున్నయో చిన్నపిల్లగానికి కూడా కనపడేది, కాబట్టి పంచాయితీ పెట్టుకోవడానికి ఒక ఆధారం ఉండేది.

బోర్లొచ్చినంక ఆ లెక్కే పోయింది. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఫ్రీ, తెలంగాణల 2018 జనవరి నుంచి 24 గంటలు, ఆటో స్టార్టర్ పెడితే మనం ఇంట్ల పండుకున్నా మోటర్ నడుస్తనే ఉంటది. నేను ఆపుకుంటే పక్కోడు తోడుకుంటడు, అంతే. మనది గ్రానైట్ నేల, నీళ్లుండేది పైన మెత్తబడ్డ పొరల, దాని కింద పగుళ్లల, లోతుకు పోయినకొద్దీ పగుళ్లే తగ్గుతయ్, మరి 300 ఫీట్లల పడనోడు 600 కొట్టిస్తే పడ్తయని గ్యారంటీ ఏంది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల అనంతపురం, నల్గొండ, ప్రకాశం లాంటి 7 కరువు జిల్లాల్ల రైతులతోనే భూగర్భజలాల లెక్క రాయించిన ప్రాజెక్టు ఒకటి నడిచింది. టేపుకున్న ప్రోబ్‌ను బోరులకు దింపుతరు, నీళ్లు తగలంగనే బజర్ మోగుతది, అక్కడ టేపు మీద ఎన్ని మీటర్లుందో చూసి బుక్కుల రాసుకుంటరు. ఊర్లెనే వాన కొలిచి, రబీకి ముందు అందరు కూసొని ఎన్ని నీళ్లు దిగినయ్, అనుకున్న పంటలకు ఎన్ని కావాలె అని గోడ మీద పెద్దగ రాసేటోళ్లు. వరి వెయ్యొద్దని ఎవరూ బలవంతం చెయ్యలే, లెక్క చూసి ఎవల నిర్ణయం వాళ్లది. మహారాష్ట్రల హివ్రే బజార్ అనే ఊరు ఇంకా గట్టిగ పట్టుకుంది, సాగుకు బోర్లే వద్దన్నరు.

నాకైతే మన దగ్గర ముందు రైతులే లెక్క రాసుకునే పద్ధతే నడుస్తదనిపిస్తది, లెక్క చేతుల లేకుండ బంద్ అంటే ఎవడింటడు? కాకపోతే ఒక తిరకాసుంది. వడ్లకు ఊర్లెనే కొనుగోలు సెంటర్ పెడ్తరు, పెసర్లు కందులు వేసినోడు ఎక్కువసార్లు మార్కెట్ల దళారి చెప్పిన రేటుకు ఇచ్చి రావాలె. ఇక రైతు నీళ్ల లెక్క చూస్తడా, అప్పు లెక్క చూస్తడా?