క్లీవ్‌లాండ్ ఆరాధనలో పంచరత్నాలు పాడబోయే మనవాళ్లకు

కర్నూలు నుంచి అమెరికా వెళ్లినా సంగీత పాఠం మాత్రం ఇక్కడి గురువు దగ్గరే వీడియో కాల్‌లో సాగించేవాళ్లు చాలామంది. ఈస్టర్ రోజుల్లో క్లీవ్‌లాండ్‌లో త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. 1978లో మొదలైన ఉత్సవమది. కచేరీలు వినడానికి వెళ్లేవాళ్లకు ఓపిక, కోటు ఉంటే చాలు. త్యాగరాజస్వామి ఐదు పంచరత్న కీర్తనలను అందరూ కలిసి పాడే గోష్ఠిలో కూర్చుని గొంతు కలపాలంటే మూడు నెలల ముందు నుంచే సిద్ధం కావాలి.

ముందు పాఠం వేళ కుదుర్చుకోండి. కర్నూలులో ఉదయం 6.30 అయితే చలికాలంలో క్లీవ్‌లాండ్‌లో ముందురోజు రాత్రి 8. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు, అప్పుడది 9 అవుతుంది. ఆ వారం పాఠాలు తప్పిపోయేది ఇందుకే. ఇంకో సంగతి, ఇంటర్నెట్‌లో గొంతు ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువుతో కలిసి పాడటం కుదరదు. గురువు తాళం వేస్తూ పాడి పంపితే, దాని మీద పాడి రికార్డు చేసి తిరిగి పంపండి. తప్పులు అందులోనే తెలుస్తాయి.

ఐదూ ఆదితాళమే. ఐదూ పాడటానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. నేర్చుకునే వరుస వేరు, పాడే వరుస వేరు. ఆరభి, శ్రీరాగాల కీర్తనలు ముందు పట్టుకోండి. తర్వాత నాట, గౌళ. వరాళి చివరికి. గౌళలో రిషభం (రి) మామూలు శుద్ధ రిషభం కన్నా కాస్త కిందుగా పలకాలి. వరాళి మధ్యమం (మ) పంచమానికి (ప) దగ్గరగా నిలవాలి. అది కిందికి జారితే రాగం పోయినట్టే. తంబురా యాప్ పెట్టుకుని ఒక్కరే పాడినప్పుడు నిలిచిన స్వరం వందమందిలోనూ నిలుస్తుంది.

గోష్ఠిలో తప్పులు ఎక్కువగా చరణాల దగ్గరే. ప్రతి చరణం ముందు స్వరం, తర్వాత సాహిత్యం. జ్ఞాపకం చాలక కొందరు స్వరం వదిలేసి సాహిత్యంలోకి దూకుతారు, పక్కవాళ్లూ తడబడతారు. ఆరభి కీర్తన సాధించెనెలో చరణం అయ్యాక పల్లవికి పోకూడదు, ‘సమయానికి తగు మాటలాడెనె’ దగ్గరికి రావాలి. ఇక పాఠాంతరం: మీ గురువు నేర్పిన సంగతి, అంటే ఒకే పంక్తిని మార్చి పాడే తీరు, ముందువరుసలో పాడేవాళ్లది కాకపోవచ్చు. అప్పుడు మీది ఆపి వాళ్లదే వినండి. మీ పాఠం మీ ఇంట్లో నిలుపుకోండి.

నేను గట్టిగా పట్టుబట్టేది సాహిత్యం మీద. త్యాగరాజస్వామి పూర్వీకులది కాకర్ల. అది ఉన్న కంభం ప్రాంతం 1970 దాకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. మన ప్రాంతపు పిల్లలే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్న కాగితం చూసి ళ, ల ఒకటిగా, ద, ధ ఒకటిగా పాడితే మనసొప్పదు. తెలుగు చదవలేని పిల్లలకు ఆ నాలుగైదు అక్షరాలైనా నేర్పి, తేడా ఉన్నచోట ఎర్రసిరాతో గుర్తు పెట్టండి. ఊపిరి తీసుకునే చోటు కూడా రాసివ్వండి. ‘దుడుకు గల నన్నే దొర కొడుకు బ్రోచురా’ అన్నచోట ‘నన్నే’ తర్వాత ఆగితే అర్థం విరిగిపోతుంది. అది నన్ను, ఏ దొరకొడుకు అని.

శ్రుతి, అంటే పాటకు ఆధారమైన సా, మనం ఎంచుకునేది కాదు. ఆడవాళ్లు మామూలుగా ఐదు, ఐదున్నర, మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడతారు. అందరికీ కలిపి పెట్టిన శ్రుతి ఎవరో ఒకరికి ఇబ్బందే. తారస్థాయి అందకపోతే అరవకండి. ఆ సంగతి వదిలి కింది స్వరం దగ్గర మళ్లీ అందుకోండి.

సాహిత్యం ఫోన్లో కాకుండా పెద్ద అక్షరాల్లో కాగితం మీద ఉంచుకోండి. స్వరం మధ్యలో స్క్రీన్ ఆరిపోతే చరణం పోతుంది. ఏప్రిల్‌లో కూడా ఈరీ సరస్సు గాలి చల్లగా కొడుతుంది, ఒక్కోసారి మంచు పడుతుంది. హోటల్ హీటర్‌కు గొంతు ఎండుతుంది. రాత్రి గదిలో తడి తువ్వాలు ఆరేసి, పక్కన గోరువెచ్చని నీళ్లు పెట్టుకోండి. పట్టుచీర, పంచె మీదికి ఉన్నికోటు వేసుకుని వెళ్లి, వేదిక ఎక్కేముందు తీయండి.