కాలువలు కట్టేసిన రోజుల్లో స్నానం

దాళ్వా (రెండో పంట వరి) మాసూళ్లయ్యాక, అంటే కోతలు నూర్పిళ్లు అయ్యాక, కాలువలు కట్టేస్తారు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మళ్లీ నీళ్లు వదిలేదాకా శివారు ఊళ్లకు మంచినీళ్ల చెరువే దిక్కు. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు వేస్తే వచ్చేది ఉప్పునీరే. గోదారి నీళ్లు తాగి పెరిగినవాళ్లం, స్నానమంటే మునగడమే అనుకుంటాం. స్మృతులు మాత్రం ఏడు స్నానాలు చెప్పాయి.

నీళ్లలో మునిగేది వారుణం. విభూతి పూసుకుంటే ఆగ్నేయం, మట్టి పూసుకుంటే భౌమం, ఆవుల గిట్టల ధూళి ఒంటిమీద పడితే వాయవ్యం, విష్ణువును తలుచుకుంటే మానసం, మంత్రంతో నీళ్లు చల్లుకుంటే మాంత్రం. ఎండ కాస్తుండగా కురిసిన వానలో తడిస్తే దివ్యం. వాన చినుక్కి ఆ పేరు పెట్టినవాళ్లు నీటి ఎద్దడి ఎరిగినవాళ్లే అయ్యుండాలి. ఒంట్లో బాగోలేనివాళ్లకూ ఈ వెసులుబాటు ఉంది. చెరువు నిండుగా ఉన్నప్పుడు బద్ధకానికి వాడుకునేది కాదు.

చెరువు అడుగంటిన రోజుల్లో పనికొచ్చేది మాంత్రం. పంచపాత్రలో సగం నీళ్లు చాలు. ‘ఆపో హి ష్ఠా మయోభువః’ అని మొదలయ్యే మూడు ఋక్కుల్లో (వేదమంత్రాల్లో) తొమ్మిది పాదాలు, అంటే తొమ్మిది పంక్తులున్నాయి. ఒక్కో పాదానికి ఒక్కసారి దర్భతోనో ఉద్ధరిణి (పూజ చెంచా)తోనో చల్లుకోవాలి. మొదటి ఏడూ తలమీద, ‘యస్య క్షయాయ జిన్వథ’ అన్నప్పుడు కాళ్లమీద, చివరిది మళ్లీ తలమీద. గబగబా చదివితే పాదాలు కలిసిపోయి ఎనిమిదోది తలమీదే పడుతుంది, ఎక్కువమంది తప్పేది అక్కడే. నీళ్లను ‘ఉశతీరివ మాతరః’, ప్రేమగల తల్లుల్లాంటివారని పిలిచే పాదం ఆరోది. అక్కడ కాస్త నిదానించండి.

ఆచమనానికైతే, అంటే పూజకు ముందు అరచేతిలో నీళ్లు పుచ్చుకోడానికైతే, కొలతే ఉంది. అరచెయ్యి ఆవు చెవిలా దొప్ప చేసి, మినపగింజ మునిగేటన్ని నీళ్లు పోసుకుని, బొటనవేలి మొదలు నుంచి చప్పుడు కాకుండా పుచ్చుకోవాలి. తగ్గినా, ఎక్కువైనా సురాపానంతో సమానమన్నారు. తగ్గితే దోషమంటే ఎవరైనా ఒప్పుకుంటారు. ఎక్కువైనా దోషమే అనడం చూడండి!

అసలు గోదావరి కథే కరువుతో మొదలవుతుంది. శివపురాణం కోటిరుద్ర సంహిత ప్రకారం, వానల్లేని కాలంలో గౌతముడు తపస్సు చేస్తే వరుణుడు మూరెడు గుంటలో ఎండని నీళ్లిచ్చాడు. ఆ నీళ్లకు చుట్టుపక్కల ఋషులంతా చేరారు. నీళ్లకు వచ్చిన గౌతముడి శిష్యుల్ని ఋషిపత్నులు ‘ముందు మేము’ అని పక్కకు నెట్టారు. కుళాయి దగ్గర బిందెల తగాదా లాంటిదే. అది ముదిరి, గౌతముడి మీద గోహత్య నింద పడేలా ఋషులు మాయగోవును రప్పించేదాకా పోయింది. ఆ నింద పోగొట్టుకోడానికి ఆయన శివుణ్ణి వేడి గంగను దింపాడు, ఆ గంగే గోదావరి.

గోదావరి పుట్టే త్ర్యంబకంలో వానలు దండిగానే పడతాయి. కానీ నాసిక్ దాటాక నది సహ్యాద్రి వెనక వానలు తక్కువపడే నేలమీదుగా సాగుతుంది. మన దాకా వచ్చే వరదలో ఎక్కువ పాలు ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చిందే. కలశంమీద చెయ్యి మూసి ‘గంగే చ యమునే చైవ గోదావరి’ అన్నప్పుడు ఆ ఉపనదుల్నీ తలుచుకుంటే తప్పేం లేదు.

కలశాన్ని అంచుదాకా నింపకండి, పువ్వు ముంచగానే పొర్లుతుంది. ముప్పాతిక చాలు. మిగిలిన నీళ్లు తులసి మొదట్లో పోయండి. కాలువకు నీళ్లు వదిలాక తొలి నీళ్లు చెత్తాచెదారం మోసుకొస్తాయి. అవి దాటిపోయాకే చెరువు తూము ఎత్తుకోవాలి. కొత్తనీళ్లకు పసుపూ కుంకుమా పూలూ ఇచ్చేవాళ్లు కవరు మాత్రం ఇంటికి తీసుకెళ్లండి. అది తూముకి అడ్డంపడితే నీళ్లందనిది శివారు చేనుకే.