గెలిస్తే ఛెత్రి, ఓడితే కోచ్, ఇదెక్కడి లెక్క?

2025 దీపావళి ముందు రోజు, షాపులో ఊపిరాడని రోజు అది, అయినా పొద్దున్నే ఏడింటికి ఒడిశాలో మా బరంపురం గిరి రోడ్డులో టీ బండి దగ్గర మా మావయ్య, మా బావ, నేను ముగ్గురం నిలబడి అరుచుకుంటున్నాం. టీ బండి అతను ఒడియా, మా తెలుగు సగమే అర్థమవుద్ది అతనికి, కానీ అప్పటి ఇండియా ఫుట్‌బాల్ కోచ్ ఖాలిద్, పాత కోచ్ స్టిమాక్, గోల్స్ కొట్టే ఛెత్రి అన్న పేర్లు వినపడగానే గ్లాసులు కడగడం ఆపేసి మా వైపే చూస్తున్నాడు. దానికి ముందు మంగళవారం, అక్టోబర్ 14న, గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడిపోయాం కదా, మన ఛాంగ్తే ముందు గోల్ కొట్టాక కూడా, 2027 ఆసియా కప్‌కి వెళ్ళే ఆశ అక్కడితో పోయింది కదా, ఆ కోపం ఇంకా దిగలేదు ఎవరికీ.

మా బావ మాట ఎప్పుడూ ఒకటే. "కోచ్‌దేటుందిరా, ఆడేది పదకొండు మంది, బయట నిలబడి చేతులూపినోడికి క్రెడిట్ ఏటి?" అంటాడు. అదే బావ సింగపూర్ మ్యాచ్ అయిన రాత్రి నాకు ఫోన్ చేసి "ఖాలిద్ జమీల్‌ని పీకెయ్యాలి" అన్నాడు. మావయ్యది ఇంకో దారి. ఆయన సికింద్రాబాద్‌లో రైల్వేలో చేసి రిటైరై బరంపురం వచ్చేసిన మనిషి, ఫుట్‌బాల్ అంటే ఆయనకి 1962లో ఇండియా కోచ్ రహీం సాబ్, అంతే, ఆ తర్వాత వచ్చిన వాళ్ళెవరూ కోచ్‌లే కాదు.

నేను ఈ పోస్ట్ రాస్తుంది ఎందుకంటే ఆ రోజు టీ బండి దగ్గర నాకు మాట పూర్తి చేసే ఛాన్స్ దొరకలేదు, ఇద్దరూ పెద్ద గొంతులే.

నా మనసులో ఉన్నది 2023 జూన్. భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫైనల్, 18వ తేదీ ఆదివారం, లెబనాన్‌తో. మాకు నేషనల్ టీమ్ మ్యాచ్ చూడాలంటే ఇంతకంటే దగ్గర ఇంకేం దొరుకుద్ది, మూడు గంటల రైలు ప్రయాణం. కానీ మా అమ్మ వెళ్ళనివ్వనంది. బహనాగా దగ్గర కోరమండల్ ప్రమాదం జరిగి అప్పటికి పదహారు రోజులే. కోరమండల్ మా ఊరి స్టేషన్ మీదుగా పోయే బండి, మా వీధిలో చెన్నై వెళ్ళి పనిచేసే కుర్రాళ్ళున్న ఇళ్ళు ఎన్నో, ఆ రాత్రి ఏ ఇంట్లోనూ ఎవరూ పడుకోలేదు. రైలు మాట ఎత్తితే అమ్మ కళ్ళల్లో నీళ్ళు. చివరికి బావ తోడొస్తానంటేనే ఒప్పుకుంది. రెండ్రోజుల్లో రథయాత్ర, బండి నిండా పూరీ వెళ్ళే జనం, బాలుగావ్ దాటేదాకా డోర్ దగ్గర నిలబడే ఉన్నాం, చిలికా నీళ్ళు మెరుస్తున్నాయి గానీ ఆ ఎండకి వాటి వైపు చూడలేకపోయాం.

ఫస్ట్ హాఫ్ సున్నా సున్నా. లెబనాన్‌తో మూడు రోజుల కిందట లీగ్ మ్యాచ్ కూడా సున్నా సున్నాయే కాబట్టి మళ్ళీ అదే అయితదేమో అని మా వెనక వరసలో అందరూ గొణుగుతున్నారు. హాఫ్ టైమ్ అయి టీములు వచ్చాయో లేదో, నేను నీళ్ళ బాటిల్ మూత తిప్పుతున్నాను, ఛాంగ్తే లోపలికి ఇచ్చాడు, ఛెత్రి తోసేశాడు, 46వ నిమిషం. నేను ఆ గోల్ సగమే చూశాను, ఇప్పటికీ బాధే. తర్వాత 66లో ఛాంగ్తే రెండోది. 2-0.

వచ్చేటప్పుడు స్టేషన్‌లో తెల్లారే బండి కోసం ప్లాట్‌ఫాం మీద పేపర్ పరుచుకుని కూర్చున్నాం, అక్కడ మొదలైంది బావకీ నాకూ ఈ గొడవ, రెండేళ్ళు దాటినా నడుస్తూనే ఉంది. హాఫ్ టైమ్‌లో స్టిమాక్ ఏదో మార్చాడు కాబట్టే రాగానే గోల్ పడిందని నేను. "ఛెత్రి లేకపోతే పడేదా" అని బావ.

సరే, ఆ గోల్ ఛెత్రిదే అనుకుందాం. నేను ఆ పందెం వదిలేస్తా. నేను అడిగేది వేరే. ఆ టోర్నమెంట్‌లో మనం నాలుగు మ్యాచ్‌లు ఆడాం, మంగోలియా మీద 2-0, వనువాటు మీద 1-0, లెబనాన్‌తో 0-0, మళ్ళీ లెబనాన్ మీద 2-0. నాలుగింట్లో మన మీద పడిన గోల్స్ ఎన్ని? ఒక్కటి లేదు. ఛెత్రి ముందు ఆడే మనిషి, వెనక ఆ గోడ ఎవరు కట్టారు? డిఫెండర్లు ఝింగన్, అన్వర్ అలీ ఆడారు, నిజమే, వాళ్ళ కష్టం వాళ్ళదే. కానీ వేరే వేరే క్లబ్బుల్లో, వేరే వేరే కోచ్‌ల కింద ఏడాదంతా ఆడే మనుషులు అలా ఒక తాడు పట్టుకుని కదిలినట్టు కదలడం దానంతట అది రాదు. దానికి ముందు భువనేశ్వర్‌లోనే మే నెల మధ్య నుంచి క్యాంప్ పెట్టారు, దగ్గర దగ్గర నెల రోజులు. మా షాపులో కొత్తగా చేరిన కుర్రాడికి చీర మడత పెట్టడం రావడానికే ఇరవై రోజులు పడుతుంది, నలుగురు డిఫెండర్లు ఒకే లైన్‌లో కదలడానికి పట్టదా. ఆ క్యాంపుల కోసం ప్రతిసారీ అడిగి అడిగి సాధించుకున్నది కోచ్. అది అతని పని, ఆ పనికి పేరు అతనికే రావాలి.

బావ దగ్గర ఇంకో అస్త్రం ఉంది, అది నిజంగా గట్టిది. అదే ఏడాది దక్షిణాసియా టీముల శాఫ్ కప్ బెంగళూరులో. మొదటి మ్యాచ్ పాకిస్తాన్‌తో, స్టిమాక్ లైన్ బయట నిలబడి త్రో వేయబోతున్న పాకిస్తాన్ ఆటగాడి చేతిలోంచి బంతి తోసేశాడు, రెడ్ కార్డ్. తర్వాత కువైట్ మ్యాచ్‌లో మళ్ళీ రెడ్ కార్డ్. రెండు మ్యాచ్‌ల బ్యాన్ పడింది, సెమీస్‌కీ లేడు ఫైనల్‌కీ లేడు. బెంచ్ మీద అసిస్టెంట్ కోచ్ మహేష్ గావ్లి. సెమీస్‌లో లెబనాన్ మీద పెనాల్టీలు గెలిచాం, జూలై 4న ఫైనల్లో కువైట్ మీద 1-1 అయ్యాక పెనాల్టీలు 5-4, మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆఖరిది ఆపాడు. కోచ్ లేకుండానే కప్పు వచ్చింది కదా, ఇంకేటి క్రెడిట్ అంటాడు బావ.

నేను దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. రెడ్ కార్డ్‌ల సంగతి నేను సమర్థించను, నేషనల్ టీమ్ కోచ్ రెండుసార్లు అలా బయటికి పోవడం తప్పే, అది కూడా కుర్రాళ్ళకి అతని అవసరం ఉన్నప్పుడు. కానీ కోచ్ లేకపోయినా టీమ్ అదే ఆట ఆడిందంటే నేర్పినోడు నేర్పాల్సింది నేర్పినట్టే కదా. మాస్టారు పరీక్ష హాల్లో ఉండరు. గావ్లికి కూడా పేరు రావాలి, అది ఎవరూ ఇవ్వలేదు, ఆ రెండు రాత్రులూ మనుషుల్ని మార్చింది, పెనాల్టీ దాకా నిలబెట్టింది ఆయనే. కోచింగ్ అంటే ఒక్క మనిషి పని కాదన్నది కూడా మనవాళ్ళు మర్చిపోతారు.

ఇంక 2024 జనవరి, ఖతార్‌లో ఆసియా కప్. ఆస్ట్రేలియా చేతిలో 0-2, ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-3, సిరియా చేతిలో 0-1. మూడు మ్యాచ్‌లు, ఆరు గోల్స్ ఇచ్చాం, ఒక్కటి కొట్టలేదు. అప్పుడు మాత్రం బావతో సహా అందరూ స్టిమాక్‌నే తిట్టారు. అప్పటిదాకా కోచ్‌దేం లేదన్నవాళ్ళే! ఛెత్రి అప్పుడూ ఆడాడు మరి. నా బాధ ఇక్కడే, తూకం రాయి ఒకటే ఉండాలి కదా, కొనేటప్పుడు ఒకటి అమ్మేటప్పుడు ఒకటి పెడితే మా బజార్లో కొట్టు మూయించేస్తారు. అన్వర్ అలీ దెబ్బతో లేడు, జీక్సన్ లేడు, ఆషిక్ లేడు, లీగ్ డిసెంబర్ చివరిదాకా నడిచింది, క్యాంప్‌కి దొరికింది రెండు వారాలు. 2023లో నెల రోజులు దొరికినప్పుడు కట్టిన గోడ రెండు వారాల్లో కట్టలేకపోయాడు. ఇది అతని తప్పు ఎంత, క్యాలెండర్ వేసినవాళ్ళ తప్పు ఎంత అనేది విడదీసి మాట్లాడాలి.

అయితే అదే ఏడాది మార్చిలో గౌహతిలో, వరల్డ్ కప్ క్వాలిఫయర్‌లో, అఫ్ఘనిస్తాన్ చేతిలో 1-2. అక్కడ మాత్రం నేను స్టిమాక్‌ని వెనకేసుకురాను. అది ఛెత్రికి 150వ మ్యాచ్, పెనాల్టీతో గోల్ కూడా ఇచ్చాడు, ఆధిక్యంలో ఉండి ఓడిపోయాం, సొంత గడ్డ మీద. ఐదు రోజుల ముందు అదే అఫ్ఘనిస్తాన్‌తో 0-0 ఆడి వాళ్ళెలా ఆడతారో చూసి కూడా మారలేదు. జూన్‌లో ఖతార్ దగ్గర బంతి లైన్ దాటి బయటికి పోయినా గోల్ ఇచ్చారు, అది అన్యాయమే, నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు, కానీ అక్కడిదాకా రాకుండా గౌహతిలోనే పని అయిపోవాల్సింది. ఖతార్ మ్యాచ్ అయిన ఆరు రోజులకి తీసేశారు.

ఆ రోజు టీ బండి దగ్గర మావయ్య అప్పటిదాకా ఊరుకుని, మాట ఇక్కడికి రాగానే గ్లాసు కింద పెట్టి "జకార్తా చెప్పనా?" అన్నారు. మాకు వందసార్లు చెప్పారు, అయినా చెప్పండి మావయ్యా అన్నాను, నాకు ఆ కథ విసుగు రాదు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్, మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. తర్వాత థాయిలాండ్ మీద గెలిచాం గానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. వెనక నిలబడి తలతో బంతులు ఆపాల్సిన మనిషి. రహీం సాబ్ అతన్ని ఇంటికి పంపలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందు నిలబెట్టారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు జర్నైల్. ఫైనల్ మళ్ళీ ఆ కొరియాతోనే, సెప్టెంబర్ 4న, లక్ష మంది మనకి వ్యతిరేకంగా అరుస్తుంటే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1తో బంగారం. జ్వరం పడి లేచిన తంగరాజ్‌ని ఫైనల్‌కి గోల్‌లో నిలబెట్టింది కూడా ఆయనే. "మన అమ్ముగూడ కుర్రాడు బలరాం కూడా ఆడాడు అందులో" అని మావయ్య ఎప్పుడూ చివర్లో కలుపుతారు, బలరాం 2023 ఫిబ్రవరిలో పోయిన రోజు ఆయన భోజనం చేయలేదు.

రహీం సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు. 1963 జూన్ 11న పోయారు, బంగారం వచ్చి ఏడాది కూడా కాలేదు.

నేను కోచ్‌కి క్రెడిట్ ఎక్కడ ఇవ్వాలి అన్నది ఆ కథలోంచే నేర్చుకున్నాను. ఇంకొకరైతే చెయ్యని పని ఒకటి చేశాడా, దాని వల్ల ఆట మారిందా, అది వేలు పెట్టి చూపించగలమా. జర్నైల్‌ని ముందుకి పంపడం వేలు పెట్టి చూపించొచ్చు, డిఫెండర్ తనంతట తాను వెళ్ళి ఫార్వర్డ్‌లో నిలబడడు కదా. 2023లో స్టిమాక్ వెనక లైన్ చూపించొచ్చు. గౌహతిలో చూపించడానికి ఏం లేదు.

దీనికి కూడా బావ ఒకటి అన్నాడు, అదీ ఆలోచించాల్సిందే. మనోలో మార్కెజ్. హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బుకి 2022లో ఐఎస్‌ఎల్, అంటే మన దేశం క్లబ్బుల లీగ్, కప్పు తెచ్చిన కోచ్, ఆ రాత్రి ఫైనల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపితే మేం బరంపురంలో టపాకాయలు కాల్చాం, తెలుగు ఊరి టీమ్ అని. స్టిమాక్ తర్వాత అతనే నేషనల్ కోచ్ అయ్యాడు, నేను ఎంత సంబరపడ్డానో. ఎనిమిది మ్యాచ్‌లు, గెలిచింది ఒక్క మాల్దీవుల మీదే. "అదే బుర్ర, అదే మనిషి, మరి ఏమైంది?" అన్నాడు బావ. క్లబ్బులో రోజూ పొద్దున కుర్రాళ్ళు చేతిలో ఉంటారు, నేషనల్ టీమ్‌లో నాలుగు రోజులు దొరికితే ఎక్కువ, అన్నాను. అది పూర్తి జవాబు కాదని నాకూ తెలుసు, అతను ఎంచుకున్న టీముల మీద కూడా నాకు కోపం ఉంది.

కళింగలో ఆ రాత్రి గెలిచాక ఒడిశా ప్రభుత్వం టీమ్‌కి కోటి రూపాయలు ప్రకటించింది, అందులోంచి కుర్రాళ్ళు ఇరవై లక్షలు రైలు ప్రమాదం బాధితులకి ఇచ్చేశారు. ఆ వార్త ఇంటికొచ్చాక ఫోన్‌లో చదివి అమ్మకి వినిపించాను. అమ్మకి ఫుట్‌బాల్ తెలీదు, ఎవరు ఛెత్రో ఎవరు కోచో తెలీదు, "ఆ పిల్లలు చల్లగుండాలి" అని దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది.

సరే మళ్ళీ టీ బండి దగ్గరికి వస్తే, టైమ్ ఎనిమిది అవుతుంది, నేను బావని ఒక్కటే అడిగాను. "సెప్టెంబర్‌లో తజికిస్తాన్‌లో ఒమన్ మీద పెనాల్టీలు గెలిచి మూడో స్థానం తెచ్చుకున్నాం కదా, కోచ్‌గా ఖాలిద్‌కి అదే మొదటి టోర్నమెంట్, అది ఎవరిది?"

"గుర్‌ప్రీత్‌ది."

"మరి సింగపూర్‌ది?"

"ఖాలిద్‌ది."

మావయ్య నవ్వకుండా నా వైపు చూశారు. బావ ఇంకేదో అనబోయాడు గానీ షాపు తాళాలు నా జేబులో ఉన్నాయని అన్నయ్య అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు, పరిగెత్తాను.