ఎడమ కాలు ముందు

ఢాకా వెళ్తున్నానంటే ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఎవరూ స్వీట్లు అడగలేదు. దుబాయో సింగపూరో అయితే కథ వేరేలా ఉండేది. "బంగ్లాదేశా? మన దగ్గర లేనిది అక్కడేటుంటాది?" అని మా మేనత్త పెదవి విరిచింది. నిజం చెప్పాలంటే నేనూ దాన్ని విదేశం కింద లెక్కేయలేదు.

రెడీమేడ్ బట్టల కంపెనీలో క్వాలిటీ చూసే ఉద్యోగం నాది. టీషర్టు మెడ దగ్గర కుట్టు వదులుగా ఉంటే పెట్టె మొత్తం వెనక్కి పంపించే పని. తిరుప్పూరులో కొన్నాళ్లు చేశాక, ఢాకా పక్కనే ఉన్న గాజీపూర్ ఫ్యాక్టరీలు చూసుకోమన్నారు. ఇది 2024 ఫిబ్రవరి మొదట్లో మాట. పలాసలో హౌరా బండి ఎక్కి, కోల్‌కతాలో మైత్రీ ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాను. అప్పటికింకా నడుస్తోంది, ఆ జూలైలో ఆగిపోయింది. పాస్‌పోర్టు ముద్రలూ సామాను తనిఖీ మన వైపువి కోల్‌కతా స్టేషన్‌లోనే, వాళ్ల వైపువి ఢాకాలో దిగాక అయ్యేవి కాబట్టి సరిహద్దు దగ్గర దేశం దాటినట్టే ఉండేది కాదు. సరిహద్దుకి ఇటు గేదే స్టేషన్ పోయి అటు దర్శనా వచ్చింది, గడియారం అరగంట ముందుకు జరుపుకున్నాను, అంతే. కిటికీలోంచి చూస్తే వరి మడులు, చెరువులు, అరటి చెట్లు. మేనత్త చెప్పింది నిజమే అనుకున్నాను.

ఢాకా కంటోన్మెంట్ స్టేషన్ గేటు దాటగానే పదిహేను మంది ఆటోవాళ్లు ఒకేసారి మాట్లాడారు. చిక్కేమిటంటే, వాళ్లు చెప్పేది నాకు కొంత అర్థమవుతోంది.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. నాకు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. బంగ్లా ఒడియాకి దగ్గరి చుట్టం. పది మాటల్లో ఆరు చెవికి తగులుతాయి, అసలు కావలసిన రెండూ జారిపోతాయి. బొత్తిగా రాని భాషైతే ఏ బాధా లేదు. తిరుప్పూరు బస్సుల్లో నా చుట్టూ ఎంత తమిళం మోగినా హాయిగా నిద్రపోయేదాన్ని. ఢాకాలో మెదడు ఆగదు. వెనకాల ఎవరో "అక్కడ", "ఇవాళ", "ఇవ్వు" అంటే చాలు, నాతోనేనేమో అని తల తిరిగిపోతుంది. ఒక నగరం జనమంతా ఒకేసారి నాతోనే మాట్లాడుతున్నట్టు ఉండేది. కొత్త ఊళ్లో అలసట నడక వల్ల వస్తుందనుకుంటారు గానీ, నాకు మాత్రం వినడం వల్లే వచ్చింది.

కళ్లకు ఆ సగం కూడా లేదు. బోర్డులు, బస్సుల మీద రాతలు, బండ్ల నంబర్లు, అన్నీ బంగ్లా లిపే. అంకెలు మాత్రం ఒడియా అంకెలకు దగ్గరగా ఉంటాయి కాబట్టి బతికిపోయాను. నాతో పనిచేసే తమిళమ్మాయికి ఆ అదృష్టం లేదు. బంగ్లా నాలుగు అచ్చం మన 8లా కనబడుతుంది. నలభై టాకాల దువ్వెనకి ఎనభై ఇచ్చేసి, షాపతను సగం తిరిగిస్తుంటే, "ఏదో మోసం చేస్తున్నాడు" అని అతనితోనే గొడవకు దిగింది.

ఆటో సంగతికొస్తే, దాన్ని అక్కడ సీఎన్‌జీ అంటారు. ఆకుపచ్చ రంగు, రెండు పక్కలా ఇనుప జాలీ తలుపులు, డ్రైవరుకీ నాకూ మధ్య ఇంకో జాలీ. ఎక్కగానే లోపల గడియ పెట్టుకోమన్నాడు, లేకపోతే ఆగిన చోట ఫోన్లు లాక్కుపోతారట. ఉత్తరా అనే పేటకి వెళ్లాలి, పెద్ద దూరమేం కాదు. కానీ ఆ వారమే ఉత్తరాకి అవతల టొంగిలో, తురాగ్ నది ఒడ్డున, విశ్వ ఇజ్తెమా జరుగుతోంది. ప్రపంచంలో పెద్ద ముస్లిం సమావేశాల్లో అదొకటి. నాకా సంగతి ఎవరూ చెప్పలేదు. ఎయిర్‌పోర్టు రోడ్డంతా మనుషులే. నెత్తిన పరుపు చుట్టలు, చేతుల్లో వంట గిన్నెలు, ముసలివాళ్ల చెయ్యి పట్టుకున్న కుర్రాళ్లు. బండ్ల మధ్య జానెడు సందు దొరికితే అందులోంచి నడిచిపోతున్నారు. మా డ్రైవరు ఇంజన్ ఆపేసి దిగిపోయాడు. నాకు గుండె ఆగినంత పనైంది. కాసేపటికి ఝాల్‌మురి పొట్లాలు రెండు పట్టుకొచ్చాడు. నేను తలుపు తీయడానికి జంకుతున్నానని చూసి, ఒక పొట్లాన్ని రెండు చేతులతో బల్లపరుపుగా నొక్కి, జాలీ కన్నంలోంచి మెల్లగా లోపలికి తోశాడు. మరమరాలు సగం కింద రాలాయి. ఆవనూనె వాసన, పచ్చిమిర్చి ఘాటు. తింటుంటే పక్క సీఎన్‌జీలో ఉన్నావిడ జాలీలోంచే "ఏ ఊరు, పెళ్లయిందా, జీతమెంత" అని మూడు ప్రశ్నలూ వరసగా అడిగేసింది. ఆ మూడూ పూర్తిగా అర్థమయ్యాయి.

ఆ ఊళ్లో నేను నేర్చుకున్న మొదటి విద్య బస్సు దిగడం. బస్సు పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుంది. వాకిలి దగ్గర వేలాడే హెల్పరు రేకు మీద దబదబా కొట్టి, "ఎడమ కాలు, ఎడమ కాలు" అని అరుస్తాడు. ముందు ఎడమ కాలు దించితే బండి పోయే వైపే ఒళ్లు వెళ్తుంది, రెండడుగులు పరుగెత్తి నిలబడొచ్చు. కుడికాలు పెడితే నేల మీదే. ఇంత కిక్కిరిసిన ఊళ్లో, ఎవరో తెలియని మనిషి ప్రతి ఒక్కరి కాలి గురించీ పట్టించుకుని అరవడం నాకు భలే నచ్చింది. మన ఆర్టీసీలో అయితే "దిగమ్మా, తొందరగా దిగు" అంటారు, అంతే.

రోడ్డు దాటడం ఇంకో విద్య. సిగ్నల్ దీపాలు ఉంటాయి, కానీ బండ్లు ఆగేది పోలీసు చెయ్యెత్తితేనే. కొన్నిచోట్ల అడ్డంగా తాడు పట్టుకుంటారు. మనమూ అరచెయ్యి చాపి, డ్రైవరు కళ్లల్లోకి చూస్తూ నడిచేయాలి. మధ్యలో ఆగితే పని చెడుతుంది.

అదే జనం మెట్రోలో చూస్తే వేరే మనుషులు. 2022 డిసెంబరులో మొదలైన లైను, నేను వెళ్లేసరికి ఉత్తరా నుంచి మోతీఝీల్ దాకా వచ్చింది. ప్లాట్‌ఫారం మీద గీతల వెనక వరస, ఆడవాళ్లకి విడిగా ఒక పెట్టె. రోడ్డు మీద రెండు గంటలు తినేసే దూరం అరగంట పైచిలుకులో అయిపోతుంది. జనానికి క్రమశిక్షణ లేదని ఊరికే తిట్టేస్తాం గానీ, నిలబడడానికి చోటిచ్చి వేళకు బండి పంపితే వాళ్లే నిలబడతారు.

తిండికి ఇబ్బంది పడతానని మా అమ్మ గుప్పెడు ఊరగాయ సీసాలు కట్టింది. మెస్సులో మొదటి రోజే ఆలూ భర్తా పెట్టారు, అంటే ఉడికించి మెదిపిన బంగాళాదుంప. మా పక్కింటి ఒడియావాళ్లు చేసే ఆలూ చకటాయే, ఆవనూనె ఓ చుక్క ఎక్కువ.

ఫ్యాక్టరీలో ఒకాయన, "మీ భాష వాళ్లు ఢాకాలో ఉన్నారు, ధోల్‌పూర్‌లో" అన్నాడు. నేను నమ్మలేదు. ఒక శుక్రవారం, అక్కడ సెలవు అదే, ధోల్‌పూర్ ఉన్న జాత్రాబాడీ వైపు వెళ్లాం. ఆ కాలనీ పేరే తెలుగు కాలనీ. ఊడ్చే పనికోసం బ్రిటిష్ కాలంలో తెచ్చిన కుటుంబాల వాళ్లు. ఇప్పటికీ చాలామందిది నగరం శుభ్రం చేసే పనే. 2023లో ఆ చోటు ఖాళీ చేయమని ఒత్తిడి వస్తే ఎంత ఆందోళన పడ్డారో వాళ్లే చెప్పారు.

గుమ్మంలో కూర్చున్న ఒక మామ్మ, "భాత్ తిన్నావా తల్లీ?" అంది. భాత్ అంటే అన్నం. ఇన్నాళ్ల తర్వాత, సగం కాదు, మొత్తం అర్థమైన మాట. నోట మాట రాలేదు కాసేపు.

"ఏ ఊరు మీది?"

"పర్లాకిమిడి మామ్మా. ఒడిశాలో."

నన్ను ఎగాదిగా చూసింది. "ఒడిశా అయితే తెలుగెలగొచ్చింది నీకు?"

ఢాకాలో పుట్టి ఢాకాలోనే ముసలైన మనిషి! నేను అడుగుదామని దారంతా దాచుకున్న ప్రశ్న అదే. మా ఊరు ముందు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేదనీ, 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు అటు కలిపారనీ చెప్పడం మొదలెట్టాను. ఆవిడ వినలేదు. లోపలికి తిరిగి కోడల్ని కేకేసింది: "ఈ పిల్లకి ముందు భాత్ పెట్టు. ఏటేటో చెప్తంది, ఆకలేసినట్టుంది."