టెన్త్ మెమో, మూడు కాపీలు

పొద్దున షట్టర్ ఎత్తి ఇంకా ఊడ్వను కూడా లేదు, మా వీధి చివరింటావిడ వచ్చి నిలబడింది. చేతిలో కొడుకు టెన్త్ మెమో. "మూడు కాపీలు తియ్యక్కా, లాయరు గారు తెమ్మన్నారు" అంది.

ఎందుకని అడగలేదు. శుక్రవారం రాత్రి నుంచి మా పేటలో అదే మాట. ఇన్‌స్టాలో ఎవరో రీల్ కింద ఏదో కామెంటు పెట్టారు. అది పెరిగి పెరిగి, ఆవిడ కొడుకు టెన్త్‌లో తన పక్కన కూర్చున్న కుర్రాడి చేతి మీద కత్తితో కోశాడు. పదకొండు కుట్లు పడ్డాయి. ఇద్దరూ ఇంటర్ ఫస్టియరే.

పుట్టిన తేదీ మసగ్గా వచ్చిందని రెండోసారి తీశాను. ఆ కాగితంలో ఇప్పుడు పనికొచ్చేది అదొక్కటే. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం వయసుకి ముందు చూసేది బడి సర్టిఫికెట్టో, టెన్త్ మెమోనో. అవి లేకపోతే మున్సిపాలిటీ ఇచ్చే బర్త్ సర్టిఫికెట్. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. 18 నిండకపోతే లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకెళ్లాలి. 16 నిండినవాడు మరీ ఘోరమైన నేరం చేస్తే మాత్రం, పెద్దవాళ్లలా విచారించాలా అని బోర్డు చూస్తుంది. వీడికి 16 నిండి రెండు నెలలు. వాళ్లమ్మ దిగులంతా ఆ రెండు నెలల గురించే. డబ్బులు ఇవ్వబోతే వద్దన్నాను.

వాడి పుట్టినరోజు పోస్టర్ ప్రింట్ తీసింది నేనే. ఫొటోలో వాడి చేతిలో మూరెడు కత్తి. "కేకు కొయ్యడానికి అంత కత్తెందుకురా?" అంటే "ట్రెండ్ ఆంటీ" అన్నాడు. నవ్వేసి ముప్పై రూపాయలు తీసుకున్నాను. ఆ పోస్టర్ టీకొట్టు బాబాయ్ చూశాడు, ట్యూషన్ మాస్టారూ చూశారు. మనమేదైనా అంటే వాళ్లమ్మ ఏమనుకుంటుందో అని ఎవరం నోరెత్తలేదు. మధ్యాహ్నం అన్నం సహించలేదు.

1988 డిసెంబరులో వంగవీటి రంగా హత్య తర్వాత బెజవాడలో కర్ఫ్యూ పెట్టినప్పుడు, మా నాన్న పక్కింటి కుర్రాళ్లిద్దర్నీ లాక్కొచ్చి మా ఇంట్లో పెట్టి గడియ వేశాడు. రోజంతా పేకాట ఆడించాడు. వాళ్లు ఆయన్ని తిట్టుకున్నారు కూడా. ఎవరి పిల్లాడి చెవైనా మెలిపెట్టేవాడాయన. చెవి మెలిపెట్టడం గొప్ప పనని అనను, నా చెవికీ ఆ నొప్పి తెలుసు.

గ్లాస్గోలో చదువుతున్న మా మరిది కొడుకు ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను. అక్కడ కత్తిపోట్లు బాగా పెరిగిపోతే, వాటిని ఒక జబ్బులా చూడాలని 2005లో పోలీసులే ఒక విభాగం పెట్టారట. దెబ్బ తగిలినవాడు ఆసుపత్రి మంచం మీద ఉండగానే నావిగేటర్లని మనుషులు వచ్చి మాట్లాడతారట, మళ్లీ పగకి పోకుండా. దెబ్బ తిన్న కుర్రాడి దగ్గరికి ఎవరైనా వెళ్లాలని నాకు అప్పటిదాకా తట్టనేలేదు.

సాయంత్రం బాబాయ్‌ని తోడు తీసుకుని వెళ్లాను. ఏం మాట్లాడాలో తెలీక బత్తాయిలు కొన్నాను. కుర్రాడు ఎడం చేత్తో ఫోన్ చూస్తున్నాడు, మెసేజీలు టింగు టింగుమని వస్తూనే ఉన్నాయి. "నొప్పుందా?" అంటే లేదన్నాడు. కాసేపాగి, "వాళ్లమ్మ వచ్చిందా మీ షాపుకి?" అని అడిగాడు. వచ్చిందన్నాను. "ఆవిడ టెన్త్‌లో నాక్కూడా క్యారేజీ పంపేది" అని గోడ వైపు తిరిగాడు.

బయట బండ్ల మీద నలుగురు కుర్రాళ్లు. ముగ్గురు నా షాపుకి వచ్చేవాళ్లే. నన్ను చూసి మాటలు ఆపేశారు. బాబాయ్ వాళ్ల పక్కనే అరుగు మీద చతికిలబడి, "టీ తాగారా?" అన్నాడు. ఇద్దరు బండ్లు దిగారు. ఒకడు నా వైపు చూడకుండానే, "ఆంటీ, రికార్డుకి ప్రింటవుట్లు కావాలి, రేపు ఎన్నింటికి తెరుస్తారు?" అన్నాడు.

ఎనిమిదింటికి అన్నాను. రోజూ తొమ్మిదిన్నరకి గానీ తెరవను.