పాత వోల్వోకి మార్పులు చేసేది రోడ్డెక్కించడానికే

వోల్వో అమెజాన్ అనే పాత కారంటే నాకెంత పిచ్చో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో నన్ను ఎరిగిన వాళ్లందరికీ తెలుసు. ఇక్కడి కార్ల కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు ఎవరు మా గ్యారేజీకి వచ్చినా ముందు అడిగేది ఒకటే: "అన్నా, ఇంత పాత బండి కదా, ఉన్నది ఉన్నట్టు ఉంచకుండా ఎందుకు మారుస్తావు?"

నడపడానికే మారుస్తాను. అమెజాన్ 1956 నుంచి 1970 దాకా తయారైంది, ఆరున్నర లక్షలకు పైగా. మంచులో, కంకర రోడ్ల మీద, పిల్లాజెల్లాతో రోజూ తిరగడానికి చేసిన బండి ఇది. 1959లో వోల్వో మూడు పాయింట్ల సీటు బెల్టు మొదట పెట్టిన కార్లలో ఇదొకటి. అలాంటి దాన్ని గుడ్డ కప్పి షెడ్డులో నిలబెట్టడం అన్యాయం అనిపిస్తుంది నాకు. కానీ ఇప్పటి హైవే మీద గంటకు 110 కిలోమీటర్ల వేగంతో గంటల తరబడి పోవాలంటే దానికి కొంచెం సాయం కావాలి.

ఇంజిన్‌కి పెద్దగా అక్కర్లేదు. ఇందులో ఉండే బి18 ఇంజిన్ అంటే 1778 సీసీ, ఇనుప బ్లాకు, ఐదు మెయిన్ బేరింగులు, తర్వాత వచ్చిన బి20 అయితే 1986 సీసీ. అమెరికాలో అర్వ్ గోర్డన్ అనే టీచర్ ఇదే బి18 ఉన్న 1966 వోల్వో పి1800 కారుని 30 లక్షల మైళ్లకు పైగా నడిపాడు, గట్టితనం గురించి ఇంకేం చెప్పాలి! నేను మార్పించేది వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ మీది ఫైబర్ గేరు ఒక్కటే. అది అరిగి పళ్లు ఊడితే ఇంజిన్ నడిరోడ్డు మీద ఆగిపోతుంది, స్టీలుది వేస్తే కొంచెం శబ్దం పెరుగుతుంది కానీ ఆ టెన్షన్ ఉండదు.

అసలు సంగతి గేర్‌బాక్స్‌లో ఉంది. చాలా అమెజాన్లకి వచ్చేది ఎం40, నాలుగు గేర్లు, హైవే ఎక్కగానే ఇంజిన్ గోల మొదలవుతుంది, పక్కన కూర్చున్న మనిషితో అరిచి మాట్లాడాలి. ఎం41 అంటే అదే బాక్సుకి వెనక లేకాక్ కంపెనీ ఓవర్‌డ్రైవ్, అంటే అదే వేగంలో ఇంజిన్‌ని నెమ్మదిగా తిప్పే అదనపు గేరు, తగిలించింది. నాలుగో గేర్లో స్విచ్ వేయగానే కరెంటుతో కదిలే సోలినాయిడ్ పనిచేసి, లోపలి ఆయిల్ ఒత్తిడితో ఓవర్‌డ్రైవ్ పడుతుంది, క్లచ్ నొక్కే పనే లేదు, ఆర్‌పీఎంలో ఐదో వంతు దాకా తగ్గిపోతుంది. ఫ్యాక్టరీ ఓవర్‌డ్రైవ్ బండ్లకి వెనక యాక్సిల్ రేషియో ఇంకా ఎక్కువగా, అంటే ఇంజిన్ ఎక్కువ తిరిగేలా ఇచ్చేది. ఎం40 బండి తాలూకు 4.10 యాక్సిల్ అలాగే ఉంచి ముందు ఎం41 ఎక్కిస్తే హైవే మీద ఇంజిన్ ఇంకా నెమ్మదిస్తుంది, నాకు ఇదే ఇష్టం. గేర్‌బాక్స్‌ని మోసే క్రాస్ మెంబర్, వెనక చక్రాలకి శక్తి అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందు ముక్క మాత్రం ఎం41వే తెచ్చుకోవాలి, పాతవి సరిపోవు.

ఇక గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి పంపే జంట ఎస్‌యూ కార్బురేటర్లు. వీటిని తీసేసి ఫ్యూయెల్ ఇంజెక్షన్ పెట్టుకునేవాళ్లున్నారు, నేను మాత్రం ఒప్పుకోను. ఒక రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకుని రెండింటి నోళ్లలో గాలి బుసను విని సమానం చేయడం, తర్వాత కార్బురేటర్ లోపలి పిస్టన్‌ని కొద్దిగా పైకెత్తి చూడడం, ఈ సుఖం ల్యాప్‌టాప్ తగిలిస్తే రాదు. ఎత్తగానే ఆర్‌పీఎం పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది, పడిపోతే తక్కువ, ఒక్క క్షణం పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ఇంజిన్ వేడెక్కాకే చూడాలి సుమా, చల్లగా ఉన్నప్పుడు చూసి లాభం లేదు.

బాడీని కోయడం, నేలకి ఆనేంత దించడం నాకు నచ్చవు. తీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి పెట్టెలో దాచాలి, రేపు బండి ఇంకొకరి చేతికి వెళ్తే వాళ్లు కావాలంటే మళ్లీ పాత రూపానికి తెచ్చుకోవాలి. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే నెలల్లో మాత్రం బయటికి తీయను. సిల్స్ (తలుపుల కింది అంచులు), ఫ్లోరు, డిక్కీలో స్పేర్ వీల్ గుంట, తుప్పు ముందు అక్కడే పడుతుంది.

నాకు ఈ విషయంలో ఆదర్శం జోగిందర్ సింగ్. కెన్యాకి చెందిన మన సిక్కు మెకానిక్. వోల్వో ఫ్యాక్టరీ టీమ్ వాడి వదిలేసిన పీవీ544 అనే వోల్వో కారుని కొని, తన చేతులతో సిద్ధం చేసుకుని, తమ్ముడు జస్వంత్‌తో కలిసి 1965 ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీ గెలిచాడు. కంపెనీ ఇక చాలనుకున్న బండి, బురదలో, దుమ్ములో ఫ్యాక్టరీ టీములన్నిటినీ దాటుకుని వెళ్లింది! బండికి మార్పులు చేయడమంటే నా దృష్టిలో అదీ.

గోథెన్‌బర్గ్ చుట్టుపక్కల ఉన్నవాళ్లెవరైనా ఈ వేసవిలో ఒకసారి రండి, సముద్రం ఒడ్డున ఉన్న మార్‌స్ట్రాండ్ దాకా వెళ్లొద్దాం. వెళ్లేటప్పుడు నేను నడుపుతాను, వచ్చేటప్పుడు మీరు నడపండి, ఓవర్‌డ్రైవ్ స్విచ్ ఎప్పుడు వేయాలో పక్కన కూర్చుని చెప్తాను.