టిఫిన్ టైము లేనోళ్ళకి గుండెమంట మాత్ర

అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం మాది. లారీ లోడింగ్ మొదలైతే టిఫిన్ ఎప్పుడో దేవుడికే తెలియాలి. నాలాంటోడికి డాక్టరుగారు "తిండికి అరగంట ముందు వేసుకో" అని గుండెమంటకి ఒమెప్రజోల్ రాశారు. కడుపులో యాసిడ్ పంపులు పని మొదలెట్టినప్పుడే ఆ మందు వాటిని పట్టుకోగలదు, అందుకే టైము పట్టింపు.

వొనోప్రజాన్ అనే కొత్త రకం మాత్రకి ఆ పేచీ లేదు. పంపు ఆగి ఉన్నా, పనిచేస్తున్నా దానికి కావాల్సిన పొటాషియం అందకుండా అడ్డుపడుతుంది కాబట్టి తిన్నాకైనా వేసుకోవచ్చు. జపాన్‌లో 2014లోనే అనుమతించారు, అమెరికాలో అన్నవాహిక పుండ్లకి 2023లో. అన్నవాహికలో పుండ్లు పడ్డ 1,024 మందిపై, ఒమెప్రజోల్ లాంటిదే అయిన లాన్సోప్రజోల్‌తో పోల్చి చూస్తే, 8 వారాల్లో పుండ్లు మానినవాళ్ళు దీంతో 93 శాతం, పాత మందుతో 85. ఇదేమంత తేడా అనిపించింది. పుండ్లు ముదిరినవాళ్ళలో మాత్రం రెండు వారాలకే దీంతో 70 శాతం, పాత మందుతో 53! అదీ లెక్క.

యాసిడ్ అంతగా తగ్గితే గాస్ట్రిన్ అనే హార్మోను పెరుగుతుంది, అందుకే ఏళ్ళ తరబడి వాడితే ఏమవుతుందో కూడా పరిశీలిస్తున్నారు. ఇదంతా చెబితే మా బావగారు అడిగింది ఒక్కటే: "అయితే పులస పులుసు తినొచ్చన్నమాట?"